జహీరా ఆపా పగలగొట్టించిన అరుగు

పాత సున్నపు గోడను పగలగొడితే ఒక వాసన వస్తుంది. చెమ్మ, దుమ్ము, ఎప్పుడో గచ్చులో కలిపిన బెల్లం, అన్నీ కలిసి ముక్కుకు తగులుతాయి. పోయిన నెల నాగర్‌కర్నూల్‌లో ఒక ఇరుకు వీధిలో కొలతలు తీస్తుంటే ఎవరో తమ పాత గోడను గడ్డపారతో కూలుస్తున్నారు. ఆ వాసన తగలగానే టేపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "మేడమ్, మీకు దుమ్ము పడదా?" అని మా జూనియర్ అడిగాడు. పడుతుందయ్యా అన్నాను. గద్వాల పాత బజారు, అందులో ఒక మ్యాచింగ్ సెంటరు, దాని గల్లా దగ్గర కూర్చున్న జహీరా ఆపా ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చారని నడివీధిలో అతనికి ఏం చెప్పను?

నేను ఇప్పుడు పట్టణ ప్రణాళిక విభాగంలో పని చేస్తున్నాను. ఏ వీధి ఎంత వెడల్పు ఉండాలి, ఏ దుకాణం ఎంత వెనక్కి జరగాలి అని గీతలు గీసి, ఆ గీతల గురించి జనంతో వాదించడం నా ఉద్యోగం. ఈ ఉద్యోగానికి కావలసిన చదువు కాలేజీలో వచ్చింది కానీ, వాదించడం మాత్రం ఆపా దుకాణంలో నేర్చుకున్నాను. అప్పట్లో గద్వాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. అమ్మానాన్నలు ఏడాదిలో సగం హైదరాబాదులో మేస్త్రీల కింద పనికి పోయేవారు. కాలేజీ అయ్యాక ఆపా దుకాణంలో పని చేసేదాన్ని. చీర ఎక్కడ కొన్నా సరే, దాని మీదికి జాకెట్ గుడ్డ, లైనింగ్, ఫాల్, హుక్కులు ఆపా దగ్గరే తీసుకోవాలని చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు గట్టి నమ్మకం. భర్త పోయాక మరుదులు వద్దన్నా వినకుండా ఆ దుకాణం తనే నడిపింది. బురఖా తీసి కొక్కేనికి తగిలించి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని కూర్చునేది. గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు.

చేరిన కొత్తలో ఒకామె చిలకపచ్చ చీర తెచ్చి, దాని మీదికి ముదురు గోధుమరంగు జాకెట్ గుడ్డ అడిగింది. అది నప్పదని నేను, అదే కావాలని ఆమె. నాకు రంగుల సంగతి బాగా తెలుసని అప్పటికే ఒక గర్వం. రకరకాల పచ్చలు తీసి ఆమె ముందు పరిచాను. ఆమె విసుక్కుని లేచిపోతుంటే ఆపా వెనక్కి పిలిచి, అడిగిన గుడ్డే కోసి ఇచ్చి పంపింది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచింది.

"ఆమె గా రంగే ఎందుకడిగిందో ఎర్కనా నీకు?"

"తెల్వదు ఆపా."

"తెల్వకుంటనే గంతసేపు ఎట్ల కొట్లాడినవ్ బేటా? సీడు పత్తి చేన్లకు పోయే మనిషి ఆమె. పొద్దంత ఎండల ఉంటది. చెమట మరకలు కానరావద్దని ముదురు రంగు అడుగుతది. చీర ఏదైనా జాకెట్ అదే తొడుగుతది. ముందుగల ఆమె దిక్కుకెల్లి చూడు. గప్పుడు నీ మాట చెప్పు. అది అక్కరకొచ్చేటిదైతే తనే వింటది."

ఆ మరుసటి ఏడాది పాత బజారును బాగు చేయాలనే ప్రతిపాదన వచ్చింది. కొత్త బజారు ఎలా ఉంటుందో పెద్ద బొమ్మ గీసి కూడలిలో పెట్టారు. అందులో వీధంతా రాతిపలకలు, వరసగా దీపస్తంభాలు, కూర్చోవడానికి బల్లలు, అన్ని దుకాణాలకూ ఒకే రంగు బోర్డులు. రోడ్డు వెడల్పు చేస్తారట, మురుగు పారే మోరీ మీద మూత వేస్తారట. రోడ్డు వెంబడి కూర్చునే కూరగాయలవాళ్లను ఊరి చివర కట్టే కొత్త మార్కెట్‌కు పంపిస్తారట. బజారు రెండు ముక్కలయింది. కొత్తగా షోరూములు పెట్టినవాళ్లు ఎప్పుడు మొదలుపెడతారా అని చూస్తుంటే, పాత దుకాణాలవాళ్లు ఒక్క రాయి కూడా కదలనివ్వమన్నారు. కూరగాయలవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

వాళ్లలో ఈదమ్మ అని ఒకామె మా దుకాణం ఎదురుగానే ఆకుకూరలు, కరివేపాకు, నిమ్మకాయలు పెట్టుకునేది. ఆ బొమ్మను చూసొచ్చి ఆపా ముందు నిలబడింది. "గా కొసకు పంపిస్తే ఎవలు కొంటరమ్మా? కొత్తిమీర కట్ట కోసం ఆటో ఎక్కి వస్తరా?" అంది. ఆమె పోయాక ఆపా నాతో, "ఇయ్యాల్టి సంది నువ్వు మున్సిపాలిటీ, నేను ఈదమ్మ. అను, ఏమంటవో అను" అంది.

అలా మొదలైంది. బేరం లేని మధ్యాహ్నాలు గుడ్డల థాన్ల మధ్య కూర్చుని వాదించుకునేవాళ్లం. నేను అధికారి తరఫున మాట్లాడాలి. కాసేపయ్యాక పక్షాలు మారేవి. మొదట్లో నేను అధికారి మాటను వెటకారంగా చెప్పేదాన్ని. ఆపా ఒప్పుకునేది కాదు. "వాళ్లను పిచ్చోళ్లను చేసి గెలిస్తే ఏం మజా ఉన్నది? వాళ్ల మాట వాళ్లకన్న మంచిగ చెప్పాలె. గప్పుడు గూడ నీ మాట నిలబడితే గది మాట" అనేది. ఆ పట్టుదల వల్ల నాకు మొదటిసారి తెలిసింది, ఎదుటివాళ్ల దగ్గర కూడా సంగతి ఉందని. మా వీధి చివర బట్టల దుకాణం కాలిపోయినప్పుడు ఫైరింజన్ లోపలికి రాలేక, మనుషులు పైపులు భుజాన వేసుకుని పరిగెత్తడం నేనూ చూశాను. ఆ సంగతి మాలో ఎవరూ ఎత్తేవారు కాదు.

సభ ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. దానికి ముందే వ్యాపారులంతా కూడి లోలోపల ఒక ఒప్పందానికి వచ్చారు. సంఘానికి అధ్యక్షుడు కిరాణా బసప్ప సేటు. ఆయన మాటే చెల్లింది. కూరగాయలవాళ్లను పంపించేస్తే, ఆ జాగా కలిసొస్తుంది కనుక దుకాణాలను పెద్దగా కొట్టనక్కర్లేదు, అందరం సరేనందాం అన్నాడు. ఆపా ఒక్కతే కాదంది. ఎవరూ వినలేదు.

సభలో కమిషనర్ చిన్నవాడు, మర్యాదస్తుడు. ఓపిగ్గా అన్నీ వివరించాడు. బసప్ప సేటు లేచి వ్యాపారుల తరఫున సమ్మతి చెప్పాడు. ఈదమ్మా మిగతా ఆడవాళ్లూ వెనక కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడవారన నిలబడ్డారు. అప్పుడు ఆపా లేచింది.

"సార్ చెప్పింది నేను ఒకపాలి చెప్త. తప్పైతే ఆపండి సార్. ఈ బజార్ల నిప్పంటుకుంటే బండి లోపటికి రాదు. వాన పడితే మోరీ నిండి నీళ్లు దుకాణాలల్లకు వస్తయి. పిల్లగాండ్లు గీడికి వచ్చుడు బంద్ చేసిండ్రు. గిట్లనే ఇడిచిపెడితే కొన్నేండ్లకు మనం ఖాళీ బజార్ల కూసోవాలె. గింతే గద?"

"అంతేనమ్మా" అన్నాడు కమిషనర్.

"అందుకే రోడ్డు పెద్దగ కావాలె, మోరీ మూయాలె. దాంట్ల నాకు కొట్లాట లేదు." వ్యాపారులు గొణుక్కోవడం మొదలుపెట్టారు. ఆపా గొంతు పెంచింది. "కొట్లాట ఏడనంటే, గా బొమ్మల ఈదమ్మ లేదు. జనం కూరగాయల కోసం వస్తరు. పోతపోత నా కాడ దారం రీలు కొంటరు, సేటు కాడ పప్పు కొంటరు. ఆమెను ఊరవతలికి పంపి మనం దీపాలు పెట్టుకొని ఎవల కోసం కూసోవాలె? ఇంకొక్కటి. ఊర్లకెల్లి వచ్చిన ఆడిది పొద్దుగూకేదాంక బజార్లనే ఉంటది. ఆమె ఏడికి పోవాలె సార్? బల్లలు తర్వాత. ముందుగల ఒక బాత్రూం కట్టండి."

వెనక నిలబడ్డ ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. బసప్ప సేటు ముఖం ఎర్రబడింది.

"జహీరమ్మా, మాకు మస్తు చెప్తున్నవ్ గని, నీ దుకాణం అరుగు ఏడున్నది? మోరీ మీద కాదా? మోరీ మూయాలంటే ముందుగల నీదే పోవాలె. దాన్ని ముట్టనిస్తవా?"

హాలంతా నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ అరుగు ఆపా మామగారి కాలంలో కట్టింది. ఆమె భర్త సాయంత్రాలు దాని మీదే కూర్చునేవాడని బజారులో అందరికీ తెలుసు. మేమిద్దరం ఇన్ని మధ్యాహ్నాలు వాదించుకున్నాం కానీ, ఈ ప్రశ్న ఒక్కటి మాకు తట్టలేదు. ఆపా కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"మోరీ మీదనే ఉన్నది సేటు. నువ్వన్నది సహీ మాట. నాకు గది యాదికే రాలె. రేపు పొద్దుగాల తీపిస్త." అని కూర్చోబోయి మళ్లీ లేచింది. "గని ఈదమ్మ సంగతి నేనడిగిన. గా మాటకు జవాబు చెప్పు."

ఈసారి కూడా హాలు నవ్వింది, కానీ ఆపాను చూసి కాదు, బసప్ప సేటును చూసీ కాదు. వాతావరణం తేలికపడింది, అంతే. ఆ తర్వాత జరిగిన చర్చ మాత్రం అసలైన చర్చ. ముందే కుదుర్చుకొచ్చిన సమ్మతిని ఎవరూ పట్టుకుని కూర్చోలేదు.

మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి ఇద్దరు కూలీలు అరుగును కొడుతున్నారు. పాత గచ్చు పెళ్లలు పెళ్లలుగా లేస్తోంది. వీధంతా ఆ సున్నం వాసన. ఆపా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చుని, కూలీలకు చాయ్ చెప్పి పంపుతోంది. బాధగా లేదా ఆపా అని అడిగాను.

"ఉండదా మరి? ఆయన గీడనే కూసునేటోడు. రాత్రి పడుకుంటె నిద్రనే పట్టలె. గని బసప్ప అడిగిన మాటకు నా కాడ జవాబు లేదు. జవాబు లేకుంటే పని చెయ్యాల్సిందే గద."

బసప్ప సేటు తన దుకాణం ముందు నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి పోయాడు. కొన్నాళ్లకు మోరీ మీదున్న ఆయన దుకాణం మెట్లూ పోయాయి. తర్వాత ఒక్కొక్కరు. అందరూ మనస్ఫూర్తిగా చేశారని చెప్పను. సంఘంలో కొందరు ఆపా దుకాణానికి మనుషులను పోనివ్వకుండా చూశారు. ఆ ఏటి పండుగ బేరం బాగా దెబ్బతింది. రోడ్డు వెడల్పులో ఒక దర్జీ దుకాణం పూర్తిగా పోయింది. పరిహారం ఇచ్చారు కానీ అతను మళ్లీ బజారులో నిలదొక్కుకోలేక వనపర్తికి వెళ్లిపోయాడు. ఆ దర్జీ పేరెత్తితే ఆపా చివరిదాకా బాధపడేది. అయితే కూరగాయలవాళ్లకు రోడ్డుకు ఒక పక్కన గీత గీసి జాగా ఇచ్చారు. ఈదమ్మ ఎదురుగానే మిగిలింది. బాత్రూం ఆలస్యమైంది కానీ వచ్చింది, ఆపా మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి అందరినీ పరేషాన్ చేశాకే.

ఊరి చివర మార్కెట్ వల్ల ఎవరికీ లాభం లేదని కూడా ఆపా ఆ రోజుల్లో గట్టిగా అనేది. అది కట్టాక ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్లింది. రైతులు టమాటా బాక్సులు దించుతున్నారు, లారీ తిరగడానికి చోటుంది. తిరిగొచ్చి నేరుగా బసప్ప సేటు దుకాణానికి పోయి, గిరాకీలందరి ముందూ, "నేను తప్పన్న సేటు. టోకోళ్లకు గది మంచిగనే ఉన్నది" అంది. ఆయన ఆమెకు కుర్చీ జరిపాడు. ఇద్దరూ చాయ్ తాగారు. ఆ తర్వాత వాళ్ల పోట్లాటలు ఆగలేదు కానీ, చాయ్ కూడా ఆగలేదు.

డిగ్రీ అయ్యాక ఏం చదవాలని తర్జనభర్జన పడుతుంటే, "గా ఆఫీసర్ల లెక్క టేబుల్ అవతల కూసునే చదువు చదువు" అంది ఆపా. మనోళ్లకు ఎదురుగానా అన్నాను. "ఎదురుంగ కూసుంటెనే మొఖం కనిపిస్తది" అని నవ్వింది. ఉద్యోగం వచ్చిన రోజు ఫోన్ చేస్తే, బజారు మొత్తానికి వినబడేలా అరిచింది.

ఆపా పోయిన రోజు వెళ్లాను. ఆడవాళ్లు లోపల ఉన్నారు, ఈదమ్మ వాకిట్లో కూలబడి ఏడుస్తోంది. బసప్ప సేటు బయట ప్లాస్టిక్ కుర్చీలో వంగిపోయి కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టి, "ఇగ నాతోని సక్కగ కొట్లాడేటోళ్లు ఎవలున్నరు సువార్తా?" అన్నాడు. ఆయన పక్కనే చాలాసేపు కూర్చున్నాను.

నాగర్‌కర్నూల్‌లో మా ప్రణాళిక మీద కిందటి వారం సభ జరిగింది. పూలమ్మేవాళ్లకు మేం చూపిన వరస గురించి ఒకామె లేచి, "గది పడమటి మొఖం మేడమ్. మూడింటికల్లా మల్లెపూలు వాడిపోతయి. మీరైతే కొంటరా?" అంది. ఆమె మాటను నేను మళ్లీ చెప్పి, ఇదే కదమ్మా మీరంటున్నది అని అడిగాను. అవునంది. నా దగ్గర జవాబు లేదు. "మీరన్నది నిజం. నేను చూసుకోలేదు. వరస మారుస్తాం" అన్నాను, మా పై అధికారి పక్కనే ఉండగా. ఆయన నా వైపు తిరిగి చూశారు. వారం రోజులుగా గీసిన పటం మళ్లీ గీయాలి మరి.

నాది తప్పని అనడానికి నేనిప్పుడు వెనకాడను. అన్న తర్వాత గొంతు తగ్గించుకోను కూడా. ఆ సాయంత్రం మిగిలిన అన్ని విషయాల మీదా గట్టిగా వాదించాను. చాలావాటిలో నెగ్గాను.