వెంకటరత్నం మాస్టారి ఆఖరి బకెట్టు

రసాయనశాస్త్ర అధ్యాపకులుగా బెజవాడలో రెండు తరాల పిల్లలకు పాఠం చెప్పిన వెంకటరత్నం మాస్టారు మొన్న శుక్రవారం ఉదయం గుండె ఆగి కన్నుమూశారు. వార్త అందేసరికి నేను ఎవరిదో సన్మానపత్రం దిద్దుతున్నాను. "అన్నయ్య గారూ, ఆయన పోయారండీ" అన్నారు ఫోనులో ఆయన శ్రీమతి అన్నపూర్ణమ్మ గారు. ఆ మాట చెవిన పడ్డాక కూడా నా చేయి ఇంకో వాక్యం దిద్దింది. తెలుగు పండితుణ్ని కావడం వల్ల ఈ ఊళ్లో ఎవరు గతించినా సంతాప సభకు నన్నే పిలుస్తారు. 'తీరని లోటు' అని ఎన్ని వేదికల మీద అన్నానో నాకే గుర్తులేదు. ఇవాళ ఆ మాట రాయబోతే సిగ్గేస్తోంది. మాస్టారు నన్ను వరసగా మూడు ఆదివారాలు ఇంటికి రమ్మన్నారు. నేను వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఈ వ్యాసం రాసే అగత్యం కలిగేది కాదేమో.

ఆయన కంకిపాడు దగ్గర రైతుకుటుంబంలో పుట్టారు. మా ఇద్దరిదీ ఒకే కళాశాల. ఇరవయ్యేళ్లు ఒకే స్కూటరు మీద వెళ్లొచ్చాం. స్వతహాగా మితభాషి. దారి పొడుగునా నేనే మాట్లాడేవాణ్ని. ఒకసారి ప్రయోగశాలలో ఒక కుర్రాడు ప్రయోగం చేయకుండానే పక్కవాడి కొలతలు ఎక్కించుకుంటూ దొరికిపోయాడు. మాస్టారు తిట్టలేదు, కొట్టలేదు. వాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "నువ్వు చూసింది రాయి నాన్నా. తప్పొచ్చినా ఫర్లేదు, చూసింది రాయి" అన్నారు. ఆ సాయంత్రం వాడు ప్రయోగం పూర్తి చేసేదాకా అక్కణ్నించి కదల్లేదు. నేను బయట స్కూటరు దగ్గర గొణుక్కుంటూ నిలబడ్డాను.

పదవీ విరమణ తరువాత బెంగళూరులో ఉన్న పాత శిష్యుడొకడు ఆయనకొక పెట్టె పంపించాడు. ఇంట్లో బీరు కాచుకోవడం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం అమ్మే సరంజామా అది. గట్టి మూతా, అడుగున కుళాయీ ఉన్న ప్లాస్టిక్ బకెట్టు, మొలకెత్తిన బార్లీతో చేసిన మాల్టు పాకం డబ్బా, దాన్ని పులియబెట్టే ఈస్టు పొట్లం, ఒక పొడుగు గొట్టం. జీవితంలో మద్యం రుచి చూడని మనిషి ఆ సామాను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"ఈ వయసులో ఇదేం బుద్ధి మాస్టారూ?" అన్నాను.

"పంచదార ఆల్కహాలుగా మారే సమీకరణం ముప్పయ్యేళ్లు బోర్డు మీద రాశానండీ పంతులు గారూ. ఒక్కసారన్నా కళ్లతో చూళ్లేదు. చూడంది చెప్పానే అని లోపల ఎక్కడో ఉండిపోయింది" అన్నారు.

ఆ సాయంత్రమే పాకం నీళ్లలో కలిపి ఈస్టు చల్లి, మరునాడు పొద్దున్నే నాకు కబురు పెట్టారు. బకెట్టు మూత మీద చిన్న గొట్టం, అందులో కాసిని నీళ్లు ఉంటాయి. లోపల పుట్టిన గాలి ఆ నీళ్లలోంచి బుడగలు బుడగలుగా బయటికి పోతుంది. మాస్టారు దాని ఎదురుగా కుర్చీ వేసుకుని ఉన్నారు. ఒక బుడగ వచ్చింది, తరువాత ఇంకొకటి. "అదుగోనండీ" అన్నారు. ఆ రెండు బుడగలకే ఆయన కళ్లు చెమర్చాయి. తయారయ్యాక తాగింది మాత్రం రెండు గుక్కలే. "చేదుగా ఉందండీ" అని గ్లాసు నా వైపు జరిపారు. మిగతాదంతా ఎవరు తాగారో వేరే చెప్పనక్కర్లేదు. "పోయినాయన గురించి బీరు సంగతి రాస్తారా, మీకేమన్నా మతి పోయిందా" అని మా ఇంట్లో అడిగారు. రాస్తాను. చూసింది రాయమన్నది ఆయనే కదా.

ఆ పెట్టెలో విధివిధానాల కాగితం ఇంగ్లీషులో ఉండేది. అన్నపూర్ణమ్మ గారికి కూడా అర్థం కావాలని మాస్టారు నన్ను తెలుగు చేయమన్నారు. అలవాటు కొద్దీ గ్రాంథికంలో రాసిచ్చాను. 'పది దినములు మూత తెరవరాదు' అన్నది అందులో ఒక వాక్యం. ఆమె శ్రద్ధగా చదువుకున్నారు. రెండోసారి కాచినప్పుడు, మూడో రోజు ఉదయం శుభ్రంగా కడిగి తడి లేకుండా తుడిచిన తెడ్డుతో బకెట్టు అడుగు నుంచి పైకి తిరగ కలిపి, మళ్లీ జాగ్రత్తగా మూత పెట్టేశారు. "మూడో రోజు కదండీ, కలిపాను" అన్నారు మాతో, మరిచిపోకుండా పని చేసినవాళ్ల ధీమాతో. ఆవకాయ జాడీకి నలభయ్యేళ్లుగా చేస్తున్నదే దీనికీ చేశారు. వారం తిరిగేసరికి బీరంతా పులిసి వెనిగరైంది. నాకు ఒళ్లు మండింది. మాస్టారు మాత్రం నవ్వి, "తప్పు పంతులు గారిది. తెరవరాదన్నారు గానీ కలపరాదని రాయలేదు. మన ఇళ్లల్లో ఆ రెండూ వేరండీ" అన్నారు. నా చేత ఆ వాక్యం కూడా చేర్పించారు. ఆ వెనిగరుతో ఏడాది పాటు వాళ్లింట్లో సింకు కడుక్కున్నారు.

ఆ కాగితంలో ఇంగ్లీషు మూలంలో లేని వాక్యం ఇంకొకటి ఉంది. బీరు బకెట్టులోంచి సీసాల్లోకి దించేటప్పుడు నేను కాగితం పైకి చదవాలి, ఆయన ఆ ప్రకారం చేయాలి. నేను గొట్టం పట్టుకుంటే ఆయన సీసా పట్టుకునేవారు. నురగ కోసం సీసాకొక చెంచా పంచదార. 'సీసాలు నింపుటకు ఇద్దరు మనుష్యులు కావలెను' అని రాయమన్నారు. "మూలంలో లేదు కదండీ" అని పేచీ పెట్టాను. "అక్కడ ఒక్కళ్లే నింపుకుంటారేమో. నాకు ఒక్కణ్నే అయితే చెయ్యబుద్ధి కాదు" అన్నారు. మన ఎండలకు బీరు నిలవదు కనుక చలికాలంలోనే కాచేవారు. అలా రెండు చలికాలాలు గడిచాయి. ఇది మూడోది.

ఈసారి బకెట్టు సంక్రాంతి దాటాక సిద్ధమైంది. మొదటి ఆదివారం మంగళగిరిలో పుస్తకావిష్కరణ ఉందని చెప్పాను. రెండో ఆదివారం నాకే సన్మానం. మాస్టారు దానికి వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నారు. నా చుట్టూ జనం ఉండటం చూసి, పలకరించకుండానే వెళ్లిపోయారట. మూడో ఆదివారం గుడివాడలో ఒక సంతాప సభ. పోయినాయన ముఖం కూడా నాకు సరిగా గుర్తులేదు. ఆ సభలో స్నేహం గురించి ముప్పావుగంట మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు.

ఆ ముందురోజు మాస్టారు ఫోన్ చేశారు. "ఎండ ముదురుతోందండీ. బకెట్టు చల్లగా ఉండాలని కింద బేసిన్లో నీళ్లు మారుస్తూనే ఉన్నా. రేపు వీలవుద్దా?"

"వచ్చే ఆదివారం ఖాయం మాస్టారూ."

"అట్టాగేలెండి. మీతో ఒక మాట కూడా ఉంది. సీసాలు నింపేటప్పుడు చెప్తాను."

ఏమిటా మాట అని అడగలేదు. బయట నన్ను ఏదో సభకు తీసుకెళ్లే కారు హారను కొడుతోంది, ఫోను పెట్టేశాను.

నేను ఖాయమన్న ఆదివారానికి ఆయన పోయి మూడో రోజు. కృష్ణ ఒడ్డున సంచయనం ముగిసి ఇంటికి వచ్చాక అన్నపూర్ణమ్మ గారు ఆ మాట ఏమిటో చెప్పారు. గుండెకు వెంటనే ఆపరేషన్ చేయించాలని డాక్టరు చెప్పి నెల దాటిందట. మాస్టారు భయపడ్డారట. "పంతులు గారు రానీ, ఆయన చేయించుకోమంటే చేయించుకుంటా అన్నారండీ. నేను ఫోన్ చేసి చెప్తానన్నా. వద్దు, ఇది ఎదురుగా కూర్చుని అడగాల్సిన మాట అన్నారు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

వంటింటి మూల బకెట్టు అలాగే ఉంది. బేసిన్లో నీళ్లు అడుగంటాయి. మూత తీయకుండానే పులిసిన వాసన తెలుస్తోంది. కడిగిన సీసాలు మంగళగిరి తువ్వాలు మీద బోర్లించి ఉన్నాయి. గోడకు నా తెలుగు కాగితం వేలాడుతోంది. ఇద్దరు మనుష్యులు కావలెనన్న వాక్యం కింద మాస్టారు పెన్సిలుతో 'ఆదివారం' అని రాసుకుని కొట్టేశారు. దాని కింద మళ్లీ రాసి కొట్టేశారు. దాని కిందా అంతే. నాలుగోసారి రాసిన 'ఆదివారం' మీద గీత లేదు.

"పారబొయ్యమంటారా అన్నయ్య గారూ?" అన్నారు అన్నపూర్ణమ్మ గారు.

ఆయన స్మృతికి నమస్కరిస్తున్నానని రాసి ఈ వ్యాసం ముగించాలి. రాస్తున్నాను, కానీ నమస్కరించే యోగ్యత నాకుందని అనుకోవడం లేదు. మాస్టారూ, మాటిచ్చినట్టే ఆ ఆదివారం వచ్చానండీ. సీసాల ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆ పనికి ఇద్దరు కావాలి.