వచ్చే ఏడాదికి రెండంగుళాలు

ఈ సాయంత్రం మా పాపకు పట్టులంగా కుట్టించడానికి అమీర్‌పేటలోని టైలర్ సత్తన్న దగ్గరికి వెళ్లాం. మా ఆవిడ విదేశంలో మన రాయబార కార్యాలయంలో పనిచేస్తోంది. రంగు, అంచు, చేతుల పొడవు అన్నీ వీడియో కాల్‌లో తనే చెప్పింది. నా పని ఫోన్ పట్టుకోవడమే.

కొలిచాక సత్తన్న పాత కొలతల పుస్తకం తిరగేశాడు.

"పోయినసారి మీరు పాపను తోల్కొచ్చినప్పుడు లంగ పొడుగు ఇరవై ఎనిమిది ఉండెనమ్మా. ఇప్పుడు ముప్పై ఒకటి."

ఆమె ఫోన్ పాప వైపు తిప్పమంది. రోజూ పక్కనే ఉండే నాకూ ఆ మూడంగుళాలు కనబడలేదు.

"మళ్ల ఎప్పుడొస్తరమ్మా?"

"ఇంకో ఏడాది పడుతదన్నా."

"గట్లయితే రెండించులు లోపలికి మడిచి చేతికుట్టు ఏస్త. మీరొచ్చినంక మీ చేతితోనే విప్పుర్రి. సరిగ్గ సరిపోతది."

పెద్ద పెద్ద దేశాలవాళ్లతో తడబడకుండా మాట్లాడే మనిషికి "సరే అన్నా" అనడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

మీ పిల్లలు ఎంత పెరిగారో మీకు తెలుసా, మీరూ టైలర్‌నే అడగాలా?

సత్తన్న ఆ రెండంగుళాలూ కలిపి సుద్దముక్కతో బట్ట మీద గీత గీశాడు. వాళ్లమ్మ తిరిగొచ్చే రోజున మా పాప ఆ గీత దాకా ఎదిగి ఉంటుంది.