గుర్రానికి చెప్పిన మాటలు

మా అత్తవారింట్లో రోజూ తెల్లవారేది ఉలవల వాసనతోనే. కాపురానికి వచ్చిన కొత్తలో ఇన్ని ఉలవలు ఎవరికోసమా అనుకున్నాను. గుర్రానికట. కొత్తపేట పక్క పల్లెటూరు మాది. చుట్టూ వరిచేలు, బోదె కాలవలు, కొబ్బరితోటలు. వానాకాలం అడుగు తీసి అడుగు వేస్తే బురద. అలాంటి చోట గుర్రం! ఉలవలు దానికి, ఉడికిన నీళ్ళు మాకు చారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని అత్తగారు గొణుక్కునేవారు. మా గుర్రం గుడ్డిది కాదు, ముసలిది.

అది మామగారిది. చిన్న జమీందారు బిడ్డగా పుట్టి, మీసాలు రాకముందే ఉత్తరాదిన ఒక సంస్థానం అశ్వదళంలో చేరారు. మొదటి యుద్ధంలో సముద్రాలు దాటి ఎడారిలో పోరాడి, చివరికి ఆ దళానికే సేనాని అయ్యారు. రెండో యుద్ధం వచ్చేసరికి గుర్రాలను తీసేసి మోటారు బళ్ళు ఇచ్చారట. మోటారు ఎక్కే సేనాని నేను కానని చెప్పి, ఒక ఎర్ర ఆడగుర్రాన్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేశారు. గౌతమి మీద పంటు పడవలో దాన్ని దాటిస్తుంటే రేవులో జనం తిరణాలకు వచ్చినట్టు వచ్చి చూశారని చెప్పుకునేవారు. ఆ తరవాత చూడ్డానికి ఏమీ లేదు. పొద్దున్నే బిగుతు బూట్లు తొడుక్కుని కాలవగట్టు మీద ఆ చివరికీ ఈ చివరికీ స్వారీ చేసి వచ్చేవారు. అంతటితో ఆయన రోజు అయిపోయేది. నాది మాత్రం తెల్లవారుజామునే దాని ఉలవలు ఉడకెయ్యడంతో మొదలయ్యేది.

మా కుటుంబాల్లో అప్పటికి ఘోషా ఉండేది. కోడలు మామగారి ఎదుట పడకూడదు, నోరు విప్పి మాట్లాడకూడదు. అవసరమైన మాట అత్తగారు అటూ ఇటూ మోసేవారు. ఆవిడ పోయాక మోసేవాళ్ళు లేకపోయారు. మావారికి కాకినాడలో ఉద్యోగం, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళేవారు. మిగిలిన రోజుల్లో అంత ఇంట్లో ఆయనా నేనూ, తలుపుకు చెరోవైపు.

ఒక సాయంత్రం దొడ్డివైపు నుంచి మాట వినిపించింది. మామగారు గుర్రపుసాల ముందు ముక్కాలిపీట వేసుకుని గుర్రంతో అంటున్నారు.

"ఏమే, ఈ పూట ఆకలిగా లేదు. మజ్జిగన్నం చాలని లోపల చెప్పు."

గుర్రం ఏం చెబుతుంది? నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. తలుపు గొళ్ళెం ఒకసారి చప్పుడు చేశాను. విన్నానని అర్థం. అప్పటినుంచి అదే మా పద్ధతి.

మజ్జిగతో మొదలైన మాటలు మెల్లగా యుద్ధానికి వెళ్ళాయి. రోజూ సాయంత్రం ఆయన గుర్రానికి తన కథ చెప్పేవారు, నేను తలుపు వెనక బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. ఎడారిలో దాహానికి గుర్రాలు తమ కళ్ళేలే నాకడం, బల్లేలు పట్టుకుని నడిపించిన దాడులు, బంగళాల్లో దొరలతో విందులు. చెప్పిందే చెప్పేవారు. నిజం చెప్పొద్దూ, ఒక్కోరోజు విసుగొచ్చేది. చేతులు ఉలవల కుండకూ, చెవులు ఆయన కథకూ అరిగిపోయాయనిపించేది. కానీ ఎన్నిసార్లు చెప్పినా కథ ఒకేచోట ఆగేది. యుద్ధం అయిపోయింది, ఇంటికి ఓడ వచ్చింది, గుర్రాలకు ఓడలో చోటు లేదన్నారు. అక్కడికి రాగానే కండువా దులుపుకుని లేచిపోయేవారు.

జమీందారీలు పోయిన తరవాత కాలం అది. ఒక వానాకాలం పొద్దున కాలవగట్టు మీద గుర్రం ముందుకాలు ఎండ్రకాయ బొరియలో దిగబడింది. ఆయన గడ్డిలో పడి బతికిపోయారు. దాని కాలు మాత్రం మోకాలి కింద విరిగింది. పదిమంది పట్టి బల్ల మీద దొడ్లోకి తెచ్చి పడుకోబెట్టారు. అమలాపురం నుంచి పశువుల డాక్టరు వచ్చి చూసి, ఇది అతికేది కాదండీ, దాన్ని బాధ పెట్టకండి అని చెప్పి వెళ్ళాడు.

గోడకున్న తుపాకీ తీశారు మామగారు. తీసినవారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని పీటమీద కూర్చుండిపోయారు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. గుర్రం మూలుగుతూనే ఉంది. ఆ మూలుగు నేను భరించలేకపోయాను. ఇన్నేళ్ళూ దాని చాకిరీ ఎప్పుడు తప్పుతుందా అనుకున్నదాన్ని, ఆ రోజు తలుపు వెనక నిలబడి ఏడ్చాను. గుర్రం మెడతాడు పట్టుకోమంటే పాలేరు చేతులు జోడించి బయటికి వెళ్ళిపోయాడు.

అప్పుడాయన తలుపువైపు తిరిగారు. గుర్రంవైపు కాదు, తలుపువైపు.

"అమ్మా, ఏం చెయ్యమంటావు?"

వందల రౌతులకు ఆజ్ఞలిచ్చిన మనిషి నన్నడుగుతున్నారు. గొళ్ళెం మీద చెయ్యి వేశాను. దానితో చెప్పే జవాబు కాదది. తలుపు తీసుకుని, కొంగు తలమీదికి లాక్కుని ఆయన ఎదుటికి వెళ్ళాను.

"అది ఇంక ఓర్చుకోలేదండి. మీరే కానివ్వండి. తాడు నేను పట్టుకుంటాను."

ఆయన నా మొహం చూడలేదు. లేచి నిలబడ్డారు. నేను గుర్రం కళ్ళమీద చెయ్యి వేసి, తాడు పట్టుకుని పక్కకు తిరిగాను. ఒక్కటే చప్పుడు. కొబ్బరిచెట్ల మీద కాకులన్నీ ఒక్కసారి లేచాయి. తోట చివర దాన్ని పూడ్చారు.

మర్నాడు అలవాటు కొద్దీ ఉలవలు పొయ్యిమీద పెట్టేశాను. ఉడుకుతుంటే గుర్తొచ్చి, అక్కడే చతికిలబడ్డాను. ఇంక తెల్లవారుజామున లేవక్కర్లేదు. హాయిగా ఉండాలి కదా, లేదు.

సాయంత్రం వేళకు ఆయన వచ్చి పీట వేసుకుని కూర్చున్నారు. నేనూ నా చోటుకి వచ్చి నిలబడ్డాను. నిన్న ఎదుటపడ్డాను కదా అని మళ్ళీ పడే ధైర్యం లేదు. సాల ఖాళీగా ఉంది. ఎవరితో చెబుతారు ఇంక? లేచిపోతారనే అనుకున్నాను. ఆయన ఆ ఖాళీ సాలనే చూస్తూ మాట్లాడారు.

"ఓడలో చోటు లేదని, ముసలి గుర్రాలని కాల్చెయ్యమన్నారమ్మా. నా గుర్రాన్ని నేను కాల్చలేకపోయేను. ఇంకొకడి చేతికి తుపాకీ ఇచ్చి, డేరాలోకెళ్ళి చెవులు మూసుకున్నాను. అది నాకోసం వెతుక్కునుంటుంది. నిన్న దీన్ని అలా ఒదిలెయ్యకుండా చేసేవు."

చెయ్యి అలవాటుగా గొళ్ళెం మీదికి వెళ్ళింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఆయ్, విన్నానండి," అన్నాను.