వద్దన్నారు అని రాశాను

పదిహేనేళ్ళుగా ఈ మాట గొంతు దాటలేదు. చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ ఒక్కొక్కరే లేస్తారు. నేను పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చుంటాను. మీకు నేనెవరో తెలీదు కనుక మీకే చెబుతున్నాను.

రెండు వేల పదికి కాస్త ముందు, ప్రభుత్వం ఉచిత ఆపరేషన్లకి కార్డులిస్తున్న రోజులు. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఫొటో తీయాలి. ఆ పని మీద కొయ్యూరు వైపు ఒక కొండ ఊరికి వెళ్ళాను. సోములు అనే పెద్దాయన ఒక్కడే వచ్చాడు. భార్య గంగమ్మ చింతకాయలు దులపడానికి కొండెక్కిందని, రేపు పొద్దున్నే తీసుకొస్తానని చెప్పాడు. ఫారంలో ‘రాలేదు’ అని రాస్తే నేను మళ్ళీ అంత దూరం రావాలి. ‘వద్దన్నారు’ అని రాస్తే ఆ ఇంటి పని అయిపోయినట్టే. నర్సీపట్నం బస్సు కదిలేలా ఉంది. వద్దన్నారు అని రాశాను.

అప్పుడు తప్పనిపించిందా? లేదు. కొండవాళ్ళు ఆకుపసర్లతో సరిపెట్టుకుంటారు, కార్డులిచ్చినా వాడుకోరు అని ఆఫీసులో అందరూ అనేవారు, నేనూ అనేవాణ్ణి, అలా అనుకుంటే మనసుకి ఎంత హాయిగా ఉండేదో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

మరుసటి ఏడాది మా అమ్మ ఆపరేషన్ కోసం, ఆవిడ కార్డు పట్టుకుని నర్సీపట్నంలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. కౌంటర్ దగ్గర సోములు. పక్కన బల్ల మీద గంగమ్మ ఆయాసపడుతోంది. గుండెకి ఆపరేషన్ చెయ్యాలి, విశాఖ పంపాలి, కార్డు లేదు. ఇస్తామంటే మీరే వద్దన్నారట కదా తాతా, అంది కౌంటర్లో అమ్మాయి, కంప్యూటర్లో చూసి.

సోములు నన్ను గుర్తుపట్టాడు. ముఖం వెలిగింది.

“నాను వద్దన్లేదమ్మా. ఆడది కొండకెళ్ళింది, పొద్దున్నే తీసుకొత్తానన్నాను. ఇదిగో, ఈ బాబే రాసినారు. అడుగు.”

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నాది కాంట్రాక్టు ఉద్యోగం. పోతుందని భయపడ్డాను.

“నాకు గుర్తులేదండీ” అన్నాను.

ఆయన తానే పొరబడ్డానేమో అన్నట్టు నా ముఖం ఇంకోసారి చూశాడు.

“పోనీలే బాబూ. సానామందిని రాసుంటారు.”

భార్యను లేపి, నెమ్మదిగా బస్టాండు వైపు నడిపించుకుపోయాడు. వానలు పడకముందే ఆమె పోయిందని ఆ ఊరివాళ్ళు చెప్పారు. మా అమ్మ ఇంకో పదేళ్ళు బతికింది.

నేను నోరు విప్పుంటే గంగమ్మ బతికేదా? తెలీదు. ఆ తెలీదన్న మాట వెనకే ఇన్నాళ్ళూ దాక్కున్నాను. క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. సోములు వద్దనలేదు. ఆ రాత నాది, నాకు బాగా గుర్తుంది. చెప్పాక గుండె కాస్త తేలికైంది. అలా తేలికైనందుకూ సిగ్గుగానే ఉంది.