అమావాస్య నాడు సైటు మూసేద్దామనుకున్నాం

మా రక్తదాతల సైటుకు నకలు లేదు. పెద్ద కంపెనీల్లో అయితే ఏ మార్పు చేయాలన్నా ముందు ఎవరికీ కనిపించని ఇంకో సైటులో చేసి చూసుకుంటారు. దాన్ని స్టేజింగ్ సర్వర్ అంటారు. మాకు ఉచితంగా దొరికిన జాగా ఒక్క సైటుకే బొటాబొటిగా సరిపోయేది. కాబట్టి ఏం చేసినా నడుస్తున్న సైటు మీదే చేయాలి. ఓసారి నేను అక్షరాలు కాస్త పెద్దవి చేయబోతే దాతల ఫోన్ నంబర్లన్నీ మాయమయ్యాయి. అవి తిరిగి కనిపించేదాకా నాకు ముద్ద దిగలేదు.

సైటు చూసుకునేది మేమిద్దరమే. నేను వికారాబాద్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అతను తాండూరులో బండల పాలిష్ యూనిట్ నడుపుతాడు. ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీలో హాయిగా నిద్రపోయినవాడే. ఇప్పుడు నాకే సలహాలు చెబుతాడు. అందులో సగం పనికొస్తాయి కూడా, ఆ మాట అతనితో ఎప్పుడూ అనలేదు.

సైటు పాతబడింది. ఫోన్లో తెరిస్తే సగం పేజీ పక్కకు పోయేది, ఊరి పేరు వెతకాలంటే కళ్ళు లాగేవి. మొత్తం కొత్తగా కట్టాలనుకున్నాం. చేసి చూసుకునే చోటు లేదు కదా, ముందు గీసి చూసుకుందామన్నాడు. ఆదివారం పూట రైలెక్కి తాండూరు వెళ్ళేదాన్ని. యూనిట్‌లో పాలిష్ చేసిన పెద్ద బండ ఒకటి గోడకు నిలబెట్టి, దాని మీద సుద్దముక్కతో పేజీలు గీసేవాళ్ళం. ఇక్కడ రక్తం గ్రూపు, ఇక్కడ ఊరు, ఇక్కడ ఫోన్ నంబరు. నచ్చకపోతే తడిగుడ్డతో తుడిచేయడమే. కోత మిషన్ల చప్పుడులో ఒకరికొకరం అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. నాకు కోపం ముక్కు మీదుంటుంది కాబట్టి అరవడం నాకేమీ కష్టమనిపించలేదు.

ఇక తేదీ ఒక్కటే మిగిలింది. పాతది దించి కొత్తది ఎక్కించడానికి ఒక పగలంతా సైటు మూసేయాలి. అన్ని రోజులకంటే తక్కువమందికి అవసరం పడే రోజు ఏదా అని, సైటులో వచ్చిన అభ్యర్థనలన్నీ తీసి చూశాం. అమావాస్య రోజుల్లో దాదాపు ఏమీ లేవు. నెల నెలా అదే వరస. అతని ముఖం వెలిగిపోయింది.

"మేడం, అమాస నాడు మా యూనిట్లు గూడ బంద్. పొద్దుగాల నుంచి కూసుందం. ఎవ్వరికీ పరేషాన్ ఉండది."

నాకూ సబబే అనిపించింది. అంకెలు చెబుతున్నాక ఇంకేం కావాలి? అమావాస్య నాడు సైటు పనిచేయదని ముందు పేజీలో ఎర్ర అక్షరాలతో ప్రకటన పెట్టేశాను. ఆ రోజు చాలా సంతోషంగా ఇంటికి వెళ్ళాను.

తరువాతి ఆదివారం మేము బండ మీద గీతలు గీస్తుండగా ఒకామె కూతురిని వెంటబెట్టుకుని యూనిట్‌కు వచ్చింది. తాండూరులోనే ఉంటుంది, ఇంట్లో బట్టలు కుడుతుంది. మా సైటు వాళ్ళెవరో అడిగి తెలుసుకుని వచ్చింది. పాపకు తలసేమియా. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. గ్రూపు బి నెగెటివ్. రక్తనిధిలో ఆ గ్రూపు ఉంటే ఉన్నట్టు, లేకపోతే దాతను వెతుక్కోవాలి. ఈసారి ఎక్కించాల్సిన రోజు సరిగ్గా అమావాస్య నాడే పడింది, ఒక్క రోజు కూడా జరపడానికి లేదు.

"ఆ దినం మీరు బంద్ పెడితె నేనేం జెయ్యాలె అక్కా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

అమావాస్య నాడు ఎవరూ రక్తం అడగరని, అంకెలు చూశాకే ఆ రోజు పెట్టుకున్నామని చెప్పాను. పాఠం చెప్పే గొంతుతోనే చెప్పి ఉంటాను.

"అవసరం లేక గాదు అక్కా. అమాస నాడు ఎవ్వరు రారు. అడిగి ఏం ఫాయిదా అని సైట్ల పెట్టుడే ఇడిసిపెట్టినం. ఆ దినం నేను మీ సైటు ముందటేసుకొని ఒక్కొక్క నంబరుకు ఫోన్ జేస్త. చీకటి పడ్డదాంక జేస్త."

అతను నమ్మలేదు. రక్తానికీ అమావాస్యకూ ఏం సంబంధమన్నాడు. అప్పటికప్పుడు ఫోన్ తీసి, సైటులో ఉన్న ఒక బి నెగెటివ్ దాతకు చేసి స్పీకర్‌లో పెట్టాడు. కొడంగల్ వైపు మనిషి, ఎప్పుడు పిలిచినా బస్సెక్కి వచ్చేవాడు. రక్తమనగానే వస్తానన్నాడు. ఏ రోజని అడిగాడు. చెప్పగానే నీళ్ళు నమిలాడు.

"అమాస గద అన్నా. మా అమ్మ ఇంట్లకెళ్ళి కదలనియ్యది. రక్తమంటె అసలే ఒప్పుకోదు. తెల్లారి పొద్దుగాల్నే వస్త, ఒట్టు."

ఇంకో ఇద్దరికి చేశాడు. వాళ్ళూ మంచివాళ్ళే, వాళ్ళూ మర్నాడే వస్తామన్నారు. అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అమావాస్య నాడు బండల లారీని గేటు దాటనివ్వని మనిషి, వాళ్ళను ఏమని తప్పుపడతాడు? అంకెల్ని చూసి మురిసిపోయిన నేనైనా ఏమనగలను? పాప మాత్రం నేల మీద కూర్చుని, సుద్దముక్కతో బండ అడుగున పిల్లిని గీస్తోంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

ఎర్ర ప్రకటన అక్కడికక్కడే తీసేశాను. కొత్త సైటు సంగతి తరువాత చూద్దామన్నాను. అతను లేచి, బండ మీద దాత పేరు పక్కన ఒక చిన్న గడి గీశాడు. దాని కింద రాశాడు: అమావాస్య నాడు కూడా వస్తాను.

"గిది కొత్త సైటు దాంక ఆగొద్దు మేడం. ఇయ్యాల్నే పెట్టుండ్రి."

నేను ఒప్పుకోలేదు. ఆ గడి పెట్టడానికి నడుస్తున్న సైటునే కదిలించాలి. ఏదైనా తేడా వస్తే, సరిగ్గా అమావాస్యకు ముందు, ఉన్న నంబర్లు కూడా పోతాయి. ఇంకో భయం పైకి చెప్పలేదు. ఎవరూ టిక్కు పెట్టకపోతే, ఆ ఖాళీ గళ్ళన్నీ ఈ తల్లి కళ్ళముందే ఉంటాయి. ఆమె నా ముఖం చూసి, "పెట్టుండ్రి అక్కా, ఇప్పుడు మాత్రం ఎవరు వస్తున్నరు?" అంది.

పెట్టాను. నంబర్లు పోలేదు. మొదటి టిక్కు అతనిదే. అతని గ్రూపు ఓ పాజిటివ్, ఆ పాపకు పనికిరాదు. అయినా పెట్టాడు. ఆ వారమంతా ఇద్దరం దాతలకు ఫోన్లు చేసి, గడి ఎందుకు పెట్టామో చెప్పాం. ఎవరినీ బలవంతపెట్టలేదు. కొందరు ఇంట్లో అడిగి చెప్తామన్నారు, కొందరు నవ్వేశారు. టిక్కులు ఒకటీ అరా పడుతూ వచ్చాయి. బి నెగెటివ్ వరస మాత్రం ఖాళీగానే ఉంది.

అమావాస్యకు ముందురోజు సాయంత్రం ఆ తల్లి సైటులో తన ఫోన్ నంబరుతో అభ్యర్థన పెట్టింది. పడుకునే ముందు కూడా చూశాను, ఉంది. పొద్దున్న కాలేజీలో క్లాసు మధ్యలో ఫోన్ తీసి చూస్తే లేదు. నా ప్రాణం పోయినంత పనైంది. రక్తం దొరికాక అడిగినవాళ్ళు తీసేస్తే తప్ప అభ్యర్థన పోదు. ఇంత పొద్దున్నే, అందులోనూ ఈ రోజు, దొరికే మాటే లేదు. నేను పెట్టిన ఆ గడే ఏదో చెడగొట్టి దాన్ని మింగేసిందనుకున్నాను. పిల్లలను రాసుకోమని చెప్పి వరండాలోకి పరుగెత్తి ఆమెకు ఫోన్ చేశాను. ఆమె ఎత్తగానే, "మీది పోయింది, నా వల్లే పోయింది, మళ్ళీ పెడతాను, మీరు నంబర్లకు చేస్తూ ఉండండి" అని గుక్క తిప్పుకోకుండా అనేశాను.

"పోలేదు అక్కా, నేనే తీసేసిన" అంది. "దొరికింది. ఆ కొడంగల్ అన్న రాత్రే వచ్చి తాండూరుల వాళ్ళ చుట్టాలింట్ల పండుకున్నడట. పొద్దుగాల బయలెల్లితె అమ్మ ఆపుతదని. ఇంకొకాయన గూడ వచ్చి బయట కూసున్నడు, అవసరం పడితె పిలువుండ్రి అంటున్నడు."

సైటు బాగానే ఉందా అని ఏదో పిచ్చి ప్రశ్న అడిగాను.

"ఏమో అక్కా, నేను సూడలె" అంది ఆ తల్లి. "గీ అమాసకు నేను ఎవ్వరికి ఫోన్ జెయ్యలె. వాళ్ళే నాకు జేసిన్రు."