బావగారి మోకాళ్లు

కార్ల సీట్లు కుట్టే ఆవిడకి మనుషుల మీద పెద్ద గౌరవం లేదు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేతికి వస్తున్నవన్నీ మనుషులు కూర్చుని పాడుచేసిన వస్తువులే మరి. స్పాంజి ఎక్కడ అణిగిందో చూసి ఆ మనిషి ఏ పక్కకి ఒరిగి నడుపుతాడో చెప్పగలదు. తలుపువైపు అంచు చిరిగిందంటే, దిగేటప్పుడు ఒళ్లు ఈడ్చుకుంటాడని అర్థం. తండ్రి దగ్గర నేర్చిన విద్య అది. ఆయన పోయాక ఆ రేకుల షెడ్డూ, కుట్టుమిషనూ, పొడుగాటి చెక్కబల్లా ఆవిడవయ్యాయి. వీధిలో అందరికీ ఆవిడ సీటక్క.

అందరికంటే చులకన మాత్రం సొంత బావగారంటేనే. భర్తకి అన్న. బీమా ఆఫీసులో మేనేజరు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, ఆ ఎత్తేదో తానే కష్టపడి సంపాదించుకున్నట్టు నడిచేవాడు. పెళ్లయిన కొత్తలో ఆవిడ పని చూసి, గోనెసంచులు కుట్టుకునే పని మనింటికెందుకని తమ్ముడితో అన్నాడు. ఆ తమ్ముడు బళ్లో డ్రాయింగు మాస్టారు, నోట్లో నాలుక లేని మనిషి. విని ఊరుకున్నాడు. ఆవిడా ఊరుకుంది గానీ మర్చిపోలేదు.

అలాంటి బావగారు ఒక రోజు పొద్దున్నే షెడ్డు ముందు ఎర్ర కారు ఆపాడు. కొత్తది. కప్పు నేలకి తెగ దగ్గరగా ఉంది. ముందు ఒక కాలు బయటపెట్టి, తలుపు చట్రం పట్టుకుని, మెడ వంచి, మడతమంచం విప్పినట్టు ఒక్కొక్క కీలే విప్పుకుంటూ దిగాడు. నిటారుగా నిలబడ్డాక మళ్లీ మేనేజరు అయ్యాడు.

నడుం నొప్పిట. కాలు తిమ్మిరిట. సీటు చేసిన కంపెనీకి బుద్ధిలేదట, రోడ్లు వేసినవాళ్లకి అంతకన్నా లేదట. ఆయన చెప్పినదాంట్లో ఆయన తప్పు తప్ప అందరి తప్పూ ఉంది. ఆవిడ వింటూనే లోపలికి తొంగిచూసింది. సీటు మీద చెక్కపూసల చాప, దాని మీద ఒక మెత్త, వీపుకొకటి, మెడకొకటి. పొడుగు ఎక్కువై తల కప్పుకి తగులుతున్న మనిషి, కిందికి దిగాల్సింది పోయి, మెత్తలు పేర్చి ఇంకా పైకెక్కాడు.

ఆవిడ నవ్వలేదు. ఆయన్ని చెక్కబల్ల మీద కూర్చోబెట్టి తుంటి నుంచి మోకాలి దాకా టేపు పెట్టింది. తర్వాత మెత్తలన్నీ తీసేసి కార్లో కూర్చోమంది. మోకాళ్లు స్టీరింగుకి చెరో పక్కా ఆనాయి. తొడలు సగం దాకానే సీటు మీద ఉన్నాయి, మిగతా సగం గాల్లో. తలకీ కప్పుకీ మధ్య పిడికిలి పట్టాలి. నాలుగు వేళ్లు కూడా పట్టలేదు.

“ఈ కారు మీకు సరిపోదు బావగారూ. పొట్టివాళ్లకి కుట్టిన చొక్కా తొడుక్కున్నట్టుంది,” అంది.

“సీటు బాగుచెయ్యమంటే కారు మార్చమంటావేంటమ్మాయ్? నీ పని నువ్వు చూడు,” అన్నాడాయన.

కొనేముందు ఎంతసేపు కూర్చుని చూశారని అడిగింది. కూర్చోలేదట. రంగు చూశాడట, ఆఫీసులో ఇంకెవరికీ ఆ బండి లేదట. చెప్పులు కొనేటప్పుడైనా కాలు పెట్టి చూసుకుంటారు కదా అనుకుంది ఆవిడ. పైకి అనలేదు, ఇంట్లో ఉన్న తోడికోడలి మీద అభిమానం కొద్దీ.

తన పని తాను చూసింది. సీటు విప్పి, స్పాంజి రెండంగుళాలు చెక్కింది. ముందు అంచు తొడల కింద ఆనేలా మూడంగుళాలు పొడిగించి, కాస్త ఎత్తు చేసి కుట్టింది. రెండో రోజుకి ఆయన తల కప్పుని వదిలింది. కాళ్లు మాత్రం ఇంకా ఇరుకే. సీటుని ఇంకో నాలుగంగుళాలు వెనక్కి జరపమన్నాడు. అది కింద పట్టాలతో పాటు ఫ్యాక్టరీలో బిగించింది, అక్కడ కొత్త కంతలు వేస్తే ప్రాణానికి హామీ ఉండదు, నేను చెయ్యనని ఆవిడ ఖరాఖండిగా చెప్పింది. ఆడవాళ్లకి మెకానిక్కు పనుల్లో ధైర్యం చాలదులే అని ఆయన కారెక్కాడు. పెద్దరోడ్డు మీద కార్లకి రంగురంగుల లైట్లు అమ్మే షాపులో ఒక పూటలో జరిపించుకున్నాడు. ఆ సంగతి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

మూడు వారాలు తిరక్కుండానే ముందు వెళ్తున్న బస్సు ఆగింది. ఈయన బ్రేకు తొక్కాడు. కారు ఆగింది గానీ సీటు ఆగలేదు. మోకాళ్లు రెండూ స్టీరింగు కింద ఇరుక్కున్నాయి. ఎముక విరగలేదు, వాచి కుండల్లా అయ్యాయంతే.

ఆవిడా భర్తా చూడ్డానికి వెళ్లారు. హాల్లో సోఫాలో కూర్చున్నాడు బావగారు. ఆ సోఫా కూడా ఆయనకి పొట్టిదే, మోకాళ్లు గడ్డం దగ్గరికి వచ్చాయి. ఆ ఇంట్లో బల్ల, కుర్చీ, వంటింటి గుమ్మం, ఏదీ ఆయన కొలతకి లేదని ఆవిడ మొదటిసారి గమనించింది. యాభై ఏళ్లు ఇలా వంగి వంగి బతికాడన్న మాట, ఎవరికీ చెప్పకుండా. కాస్త జాలేసింది.

అంతలో ఆయన, “ఆ షాపువాడు నన్ను మోసం చేశాడమ్మాయ్,” అన్నాడు. జాలి అక్కడితో సరి.

“మోసమేం లేదు బావగారూ. మీరు అడిగిందే వాడు చేశాడు,” అంది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. తోడికోడలు కాఫీ తెస్తానని లోపలికి వెళ్లింది. నవ్వుకోవడానికని తోడికోడళ్లిద్దరికీ తెలుసు.

వాపు తగ్గాక ఎర్ర కారు అమ్మేశారు. కొత్తది చూడ్డానికి నువ్వు రావాల్సిందేనని తోడికోడలే పట్టుబట్టింది. షోరూములో ఒక టై కట్టిన మనిషి కార్లోని టచ్‌స్క్రీన్ గురించీ పాటల గురించీ బావగారికి వర్ణించసాగాడు. ఆవిడ అడ్డుపడి సీటు ఎంత కిందికి దిగుతుందో, స్టీరింగు ముందుకి వస్తుందో లేదో అడిగింది. అతనికి తెలియదు. కార్లు అమ్మేవాడికి కూడా కూర్చోవడం గురించి తెలియదు. అయిదు బళ్లలో పావుగంటేసి కూర్చోబెట్టింది బావగారిని. అయిదోది పెట్టెలా ఉంది, రంగు బూడిద. ఆయన మొహం చిట్లించాడు. కానీ అందులోంచి దేన్నీ పట్టుకోకుండా దిగాడు. దిగాక ఒక్క క్షణం నిలబడి, మళ్లీ లోపలికి చూశాడు. అదే తీసుకున్నారు.

ఆర్నెల్ల తర్వాత బీమా ఆఫీసు నుంచి ఒక పొడుగాటాయన షెడ్డుకి వచ్చాడు. మేనేజరు గారు పంపారట. తలకీ కప్పుకీ మధ్య పిడికిలి పట్టాలని ఆయనే కనిపెట్టారట, మరదలికి కూడా ఆయనే నేర్పారట.

“అలాగే చెప్పారా?” అంది ఆవిడ.

అవునన్నాడు. ఆవిడ చెక్కబల్ల చూపించి, జేబుల్లో ఉన్నవన్నీ తీసి నిటారుగా కూర్చోమని, టేపు అందుకుంది.