తెలుగులో చెప్పి చూడు

ఆ ఏడాది ఇంజనీరింగు కాలేజీ వార్షికోత్సవానికి పాటలు ఏరే పని సంపూర్ణమ్మ మీద పడింది. కిందటేడు కుర్రాళ్ళు ఒక అమెరికా ర్యాప్ పాటకి డాన్సు చేశారు. సభలో ఎవరికీ మాటలు అందలేదు గనక చప్పట్లు బాగానే పడ్డాయి. ముఖ్య అతిథికి మాత్రం అందాయి. ఆయన పాట మధ్యలోనే లేచి, కప్పిన శాలువా కుర్చీలో వదిలేసి వెళ్ళి కారెక్కాడు.

“అందులో ఏవుందో నాకిప్పటికీ తెలీదండి మేడం గారూ,” అన్నాడు రొయ్యల చెరువుల ఆసామీ, కాలేజీ చైర్మనూ అయిన శ్రీరామరాజు. “భీమవరం మొత్తం నవ్విందండి. ఈసారి స్టేజీ మీదకి ఏదెక్కినా మీరు సరే అన్నాకే ఎక్కాలి.”

సంపూర్ణమ్మ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరై, ఈ కాలేజీలో ఇంగ్లీషు ల్యాబు చూసుకుంటోంది. గంజిపెట్టిన నేతచీర, మాట తూచినట్టు ఉండే గొంతు. ఆదివారం చర్చికి వెళ్తుందని అందరికీ తెలుసు. అంతకు మించి ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

పాటలు పట్టుకొచ్చిన కుర్రాళ్ళకి ఆమె పెట్టిన షరతు ఒక్కటే. “క్యాసెట్టు వెయ్యక్కర్లేదు. ఒక్కో లైనూ తెలుగులో చెప్పు. నా ముందు చెప్పగలిగిందంతా స్టేజీ మీద ఆడుకో.”

ముందుగా సూర్యతేజ నిలబడ్డాడు. చైర్మన్ గారి మేనల్లుడు, డాన్సు గుంపుకి నాయకుడు. మొదటి లైను హుషారుగానే చెప్పాడు. రెండో లైను దగ్గర చెవులు ఎర్రబడ్డాయి.

“చెప్పు బాబూ.”

“అంటే మేడం... పాడేవాడు అవతలివాడి అమ్మగార్ని ఒక మాట అన్నాడండి.”

“ఏమన్నాడు?”

“ఇంగ్లీషులో అంత అనిపించదండి.”

వెనక బెంచీల్లోంచి ఎవడో అందుకున్నాడు. “అమ్మగారని మర్యాదగానే తిట్టాడు కదరా తేజా, చెప్పెయ్!” గది గొల్లుమంది. సంపూర్ణమ్మకీ నవ్వొచ్చింది, ఆపుకుంది.

“పోనీ, ప్రతి లైను చివరా వస్తోందే, ఆ మాటేమిటి?”

“నల్లవాళ్ళని తెల్లవాళ్ళు తిట్టే మాటండి. ఇప్పుడు వీళ్ళే ఒకళ్ళనొకళ్ళు అనుకుంటారు. దానికి తెలుగు లేదు మేడం. మనకలాంటిది లేదండి.”

“ఉందండి,” అన్నారెవరో.

అందరూ వెనక్కి తిరిగారు. కిటికీ పక్క బెంచీలో రమేష్ బాబు. మెకానికల్ రెండో ఏడు. తండ్రి లాజరు ఆకివీడు దగ్గర రొయ్యల చెరువు మీద కాపలా మనిషి. “దానికి తెలుగుందండి మేడం. తేజాకి తెలీదంతే.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. సూర్యతేజ క్యాసెట్టు జేబులో పెట్టుకుని, మాటల్లేకుండా ఉత్త మ్యూజిక్కుకే ఆడతామని చెప్పి బయటికి నడిచాడు. మిగతావాళ్ళూ కదిలారు. రమేష్ ఉండిపోయాడు. తనదీ ఒక పాట ఉందన్నాడు. తనే కట్టాడట, తెలుగులోనే.

బెంచీ మీద వేళ్ళతో దరువేస్తూ మొదలెట్టాడు.

“చెరువుకి గాలాడకపోతే ఫ్యాన్లు తిప్పుతారు,
మా నాన్నకి ఊపిరాడకపోతే ఎవరు తిప్పుతారు...”

సంపూర్ణమ్మ కుర్చీలో కాస్త ముందుకి జరిగింది. ఆ తర్వాతి లైనులో వచ్చింది ఆ మాట. కులం పేరుకి తోక తగిలించి పిలిచే మాట. చెరువు మీద గుమాస్తా లాజరుని అలాగే కేకేస్తాడట. దాని వెనకే గుమాస్తా తల్లి మీద ఒక బూతు.

“ఆపు,” అంది. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. “ఆ మాట తీసెయ్.”

“ఏ మాటండి?”

“నీకు తెలుసు.”

“అది తీసేస్తే పాట లేదండి మేడం. నాన్నని ఇప్పటికీ అలాగే పిలుస్తారండి. పేరుందని ఎవరికీ గుర్తు కూడా ఉండదు. నేనే పదిమందిలో అనేస్తే, ఇంక వాళ్ళు అన్నా తగలదండి.”

“తగులుతుంది,” అంది సంపూర్ణమ్మ. ఆ గొంతు తనదేనా అనిపించింది. “రేపు రా.”

సంపూర్ణమ్మ చిన్నప్పుడు ఒకసారి కాలవగట్టు మీద ఆమె తండ్రి ఏసుపాదం గడ్డిమోపుతో ముందు నడుస్తున్నాడు, వెనక తను. సైకిలు మీద వెళ్తున్నవాడు అదే మాటతో పిలిచాడు. తండ్రి మోపు దించకుండానే వెనక్కి తిరిగి “అయ్యా” అన్నాడు. ఆ తర్వాత బడిలో ఇంగ్లీషు వాచకం తెరిస్తే హాయిగా ఉండేది. ఎన్ని పేజీలు తిప్పినా ఆ మాట కనపడేది కాదు. ఆ హాయి కోసమే ఆ భాషని పట్టుకుంది, దానితోనే బతికింది. ఇప్పుడు చూస్తే అందులోనూ అలాంటి మాట ఉంది. అక్కడా ఎవరో దాన్ని మోసినవాళ్ళే ఉన్నారు.

సభలో అందరి మధ్యా కూచుని ఆ మాట వినగలదా? వింటుంటే తన మొహం చూసి, తనూ ఆ మాట పడ్డ ఇంటి మనిషేనని పక్కవాళ్ళు పోల్చుకోరా? అదీ ఆమె భయం.

ఇంటికెళ్ళి బియ్యం కడుగుతూ, ఎవరూ లేని వంటింట్లో, ఆ మాట పైకి అని చూసింది. పుట్టి బుద్ధెరిగాక తన నోటితో అనడం అదే మొదలు. నోరు చేదెక్కింది. కానీ కాలవగట్టు మీద వినపడినంత పెద్దగా లేదు ఆ మాట.

మర్నాడు రమేష్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“ఆ గుమాస్తా వాళ్ళమ్మ చెరువు మీద ఉంటుందా?” అడిగింది.

“లేదండి. ముసలావిడండి. ఇంటి దగ్గరే.”

“మీ నాన్నని ఎప్పుడైనా ఏమైనా అందా?”

“ఆవిడెందుకంటదండి!”

“మరి ఆవిణ్ణెందుకు లాక్కొచ్చావు?”

“ర్యాప్ అంటే ఆమాత్రం ఘాటుండాలి కదండి,” అని నసిగాడు.

“ఘాటు మొదటి మాటలోనే ఉందిరా. అది నీది, నీ మీద నువ్వు వేసుకున్నావు. ఉంచుకో. రెండోది ఆ ముసలమ్మ మీద విసిరావు. అది తీసెయ్.”

రమేష్ తలెత్తాడు. “ఉంచుకోమన్నారా?”

“ఉంచుకో.”

“రెండోది తీస్తే దరువులో ఖాళీ వస్తదండి.”

“ఆ ఖాళీలో ఏం పెట్టాలో నువ్వే చూసుకో.”

ఆ సాయంత్రమే ఆమె చైర్మన్ గదికి వెళ్ళింది. అందరికీ పెట్టిన షరతు తనకీ వర్తించాలనుకుంది. పాటలో ఆ లైనుని, ఆ మాటతో సహా, చైర్మన్ ఎదురుగా నిలబడి చెప్పింది.

శ్రీరామరాజు బల్ల మీది కాయితాలు అటూ ఇటూ సర్దాడు. “ఆ మాట మీరెందుకండి అనడం...”

“మా నాన్నని అలాగే పిలిచేవారండి.”

ఆయన చప్పున తలెత్తి, మళ్ళీ దించేసుకున్నాడు. “మా చెరువుల మీద కూడా అలాగే పిలుస్తారాండి?”

“నాకు తెలీదండి. మీరడిగి చూడండి.”

“పోనీ ఆఖర్న పెట్టించండి. అతిథులు వెళ్ళాక.”

“వాళ్ళుండగానే పెడతానండి.”

ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు. ఆమె దాన్ని సరేగానే తీసుకుంది.

వార్షికోత్సవం నాడు లాజరు ఉతికిన తెల్లచొక్కాతో వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ మాట వచ్చినప్పుడు నేల చూద్దామని ముందే అనుకున్న సంపూర్ణమ్మ, తీరా వచ్చాక స్టేజీనే చూసింది. ముందు వరసలో శ్రీరామరాజు కదల్లేదు, లేవలేదు. బూతు ఉన్న చోట ఇప్పుడు రమేష్ తండ్రి పేరు పెట్టాడు. మొదటిసారి వాడొక్కడే అరిచాడు. రెండోసారి సూర్యతేజ గుంపు అందుకుంది. మూడోసారికి హాలు అందుకుంది.

“లాజరు! లాజరు!”

వెనక గోడ దగ్గర ఆ మనిషి, ఎవరో నిజంగానే పిలుస్తున్నారనుకుని, చెయ్యెత్తాడు.

అంత గోలలో సంపూర్ణమ్మ పెదవులు కూడా కదిలాయి. ఆమె పలికింది వేరే పేరు. “ఏసుపాదం,” అంది, దరువు తప్పకుండా.